ఒకటి అను మాటకు అర్థములెన్ని?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఒక పల్లెయందు ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. వాననమ్మకము లేని సీమ ఇది. పంట చేతికి వచ్చిన యేడు చందా చెల్లించి, ఎండిన యేడు బాకీపడి, ఏలాగుననో తలుపులు మూతపడనీయక నడుపుకొనివచ్చిన వారందరును అభినందనీయులు. ఇట్టి శుభవేళ పెద్ద విషయములను చెప్పువారు ఎందరో కలరు. ఈ ప్రసంగమునకు ఎన్నుకొన్న విషయము మాత్రము మిక్కిలి చిన్నది. అది 'ఒకటి' అను మాట.

ఈ సీమలోని ఒక యింటి యుదయమును తలచుకొనుడు. పిల్లవాడు బడికి పోవుటకు యూనిఫారము తొడుగుకొనుచున్నాడు. తండ్రి కరెంటు బిల్లు చేతబట్టుకొని, ఈ నెల ఎన్ని యూనిట్లు కాలినవోయని లెక్క చూచుచున్నాడు. పెదతండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన యూనియన్ ఆఫీసునకు బయలుదేరినాడు. పెద్దపిల్ల యూనివర్సిటీలో చదువుచున్నది. తల్లి వంటయింట కూర్చుండి ఎర్రగడ్డ తరుగుచున్నది. ఆ ఎర్రగడ్డను ఇంగ్లీషువారు 'ఆనియన్' అందురు. యూనిఫారము, యూనిట్, యూనియన్, యూనివర్సిటీ, ఆనియన్ - ఈ అయిదు మాటలును ఒకే గింజనుండి మొలిచినవి. ఒక యింటిలో, ఒక గంటలో, ఎవరికిని తెలియకుండ ఆ గింజ అయిదు మారులు పలుకబడినది.

ఆ గింజ లాటిను భాషలోని 'ఊనుస్' అను పదము. దాని యర్థము 'ఒకటి'. రోమకుల భాషయైన లాటినునుండి ఫ్రెంచి పుట్టినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు వేలకొలదిగ ఇంగ్లీషులో ప్రవేశించినవి. వానితోపాటు ఈ 'ఊనుస్' సంతానమును వచ్చి చేరినది. ఇంగ్లీషువారికి అంతకుముందే 'వన్' అను సొంత మాట యుండెను. ఊనుస్, వన్, సంస్కృతమునందలి 'ఏక' - ఈ మూడును ఒకే ప్రాచీన మూలమునుండి చీలిన కొమ్మలని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించియున్నారు. కావున మనము 'ఏకము', 'ఐక్యము' అని పలుకునపుడు రోమకుల 'ఊనుస్'కు దూరపు చుట్టమునే పిలుచుచున్నాము.

'ఒకటి' మాత్రము ఆ వంశమునకు చెందినది కాదు. అది దక్షిణదేశపు మాట. తమిళులు 'ఒన్ఱు' అందురు. ఆదవాని, ఆలూరు ప్రాంతములలో కన్నడము మాటాడువారు 'ఒందు' అందురు. పాత తెలుగులో 'ఒండు' కలదు. 'ఒండొరులు' అను మాటలో అది నేటికిని దాగియున్నది. తెలుగు, తమిళము, కన్నడము ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందిన భాషలని ఎల్లిసు దొర 1816లో, క్యాంబెలు రచించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో నిరూపించెను. ఆ తరువాత నాలుగేండ్లకు, 1820లో, సి. పి. బ్రౌను ఉద్యోగముపై కడపకు వచ్చెను. కడపలోని తన బంగళాలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు అనేక వ్రాతప్రతులను తెప్పించి, పోల్చి చూపించి, పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. ఆ బంగళా యుండిన చోటనే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషివలన, బ్రౌను పేరిట గ్రంథాలయము వెలసినది. మాటల మూలములను వెదకు పని ఈ సీమకు క్రొత్తది కాదని తెలుపుటకే ఈ ప్రస్తావన.

ఇచ్చట విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో 'అన్' అని మొదలగు మాటలు వందలకొలది కలవు. 'హ్యాపీ' యనగా సంతోషము, 'అన్‌హ్యాపీ' యనగా సంతోషము లేమి. ఆ 'అన్' లేమిని తెలుపు ఉపసర్గము. 'ఊనుస్'కు దానితో నే సంబంధమును లేదు. వ్రాతలో రెండును ఒకే తీరుగ కనబడును గనుక నిఘంటువును చూచి తెలిసికొనవలెను.

ఇక ఒక్కొక్క మాటను విచారింతము. ఒకే మూలమునుండి పుట్టినవి గనుక వీని యర్థములన్నియు ఒకటేయని తోచును. అది పొరపాటు. ఈ పొరపాటు పుస్తకములలో నిలిచినచో నష్టము లేదు. ఊరిలోనికి వచ్చినపుడే నష్టము.

మొదటిది 'యూనిట్'. ఇది కొలతకు సంబంధించిన ఒకటి. 1570లో యూక్లిడు గణితగ్రంథము ఇంగ్లీషున అచ్చయినపుడు దానికి పీఠిక వ్రాసిన జాన్ డీ అను పండితుడు ఈ మాటను కల్పించెను. మూరవలె, సేరువలె, ఇది లెక్కకు ఆధారము. ఒక యూనిట్‌నకును ఇంకొక యూనిట్‌నకును భేదము లేదు. ధనికుని యింట కాలిన యూనిట్ పెద్దది కాదు, పేదవాని యింట కాలినది చిన్నది కాదు. లెక్కకు ఇట్టి ఒకటి మిక్కిలి యవసరము. కాని మనుష్యులను యూనిట్లుగ లెక్కించుట ఓట్లు ఎంచునాడు మాత్రమే తగును. తక్కిన దినములలో తగదు.

రెండవ జంట 'యూనిక్', 'యూనిఫారమ్'. ఇవి తోడబుట్టినవి, అయినను ఒకదాని ముఖము ఒకదానికి గిట్టదు. 'యూనిక్' అనగా దానివంటిది మరియొకటి లేనిది. తెలుగున 'అద్వితీయము' అందుము. 'యూనిఫారమ్' అనగా రూపమునందు ఒకటైనది. అన్నియు ఒక్క అచ్చున పోసినట్లున్నది. బడిపిల్లలు తొడుగుకొను దుస్తులకు ఆ పేరు అందువలననే వచ్చినది. ఆ దుస్తులవలన ఉన్నవాని బిడ్డ, లేనివాని బిడ్డ ఒకే బల్లపై భేదము లేక కూర్చుందురు. అది మంచిదే. కాని ఆ చొక్కాలోపలనున్న బిడ్డ యూనిక్. ఒకనికి లెక్కలు వచ్చును, ఒకనికి పాట వచ్చును, ఒకనికి గొఱ్ఱెల జబ్బు కంటితో చూచి చెప్పు నేర్పు కలదు. బట్ట ఒకటైనంతమాత్రమున బిడ్డలు ఒకటేయని తలచు గురువు ఆ నేర్పులను చేజార్చుకొనును.

ఇప్పుడు ఎర్రగడ్డ కథ వినదగినది. లాటినులో 'ఊనియో' అను మాటకు ఏకత్వము అనియే కాక, పెద్ద ముత్యము అనియు, ఒక విధమైన ఎర్రగడ్డ అనియు అర్థములు కలవు. ముత్యములలో ఏ రెండును సరిగా ఒక తీరున నుండవు గనుక ఆ పేరు వచ్చినదని రోమకుడైన ప్లీనీ వ్రాసెను. ఇంచుమించుగా ఆ కాలమువాడే, మొదటి శతాబ్దపు కొలుమెల్లా అను వ్యవసాయ గ్రంథకర్త, ప్రక్కపిలకలు లేని ఒంటి గడ్డను పల్లెటూరి రైతులు 'ఊనియో' అందురని తెలిపెను. ఫ్రెంచి భాష మీదుగా ప్రయాణము చేసి ఆ మాటయే 'ఆనియన్' ఆయెను. పండితులు కాదు, పొలము దున్నువారు పెట్టిన పేరు అది. కర్నూలు మార్కెట్‌నకు బండ్లకెత్తి గడ్డలు తోలువారును, కడప సీమలో కృష్ణాపురపు రకము పండించువారును ఆ రోమక రైతులకు వృత్తిచే బంధువులే.

ఎర్రగడ్డను తరిగి చూడుడు. పొరమీద పొర, పొరలో పొర. అంతయు ఒకటే గడ్డ. తెల్లగడ్డను ఒలిచి చూడుడు. ఒక పొట్టులోపల పది రెబ్బలు. ఏ రెబ్బకు ఆ రెబ్బయే నిండుగ నుండును. ఏ రెబ్బను నాటినను మొలచును. మాట చరిత్రనుబట్టి 'యూనియన్'కు ఎర్రగడ్డయే తోబుట్టువు. కాని నేడు ఆ మాటను లోకము వాడు తీరునుబట్టి చూచినచో యూనియన్ తెల్లగడ్డను పోలినది. వేరువేరుగనున్నవి, తమ తమ రూపమును పోగొట్టుకొనక, ఒక పొట్టులోనికి చేరుటయే యూనియన్. ఒకదానిలో ఒకటి కరగి కలిసిపోవుట దీనికి భిన్నము. దానిని 'విలీనము' అందురు. 1948లో బనగానపల్లె సంస్థానము కర్నూలు జిల్లాలో చేరినది. నవాబు పాలన అంతటితో ముగిసినది. అది విలీనము. భారత రాజ్యాంగపు మొదటి అధికరణము మాత్రము ఈ దేశమును 'రాష్ట్రముల యూనియన్' అని పేర్కొన్నది. రాష్ట్రములకు విడిపోవు హక్కు లేదు గనుక ఆ మాటను ఎన్నుకొంటిమని డాక్టరు అంబేద్కరు 1948లో రాజ్యాంగసభయందు వివరించిరి. అనగా పొట్టు గట్టిది. అయినను రెబ్బలు రెబ్బలుగనే యున్నవి.

ఈ భేదము రాయలసీమవారికి పుస్తకములోని భేదము కాదు. 1800లో నిజాము ఈ ప్రాంతమును కుంపిణీవారికి ఒప్పగించెను. అప్పటినుండి దీనికి 'దత్తమండలములు' అని పేరు. ఒకరిచ్చినది, ఒకరు పుచ్చుకొన్నది అని దాని భావము; ఇచ్చటి జనులు ఎవరో ఆ పేరులో లేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' యను పేరు ఆ కొఱతను తీర్చినది. జిల్లాలకు ఒక పేరు వచ్చినది. ఆ పేరుతో ఒక మనస్సు వచ్చినది. తరువాత ఆంధ్ర రాష్ట్రము కావలెనన్న ఉద్యమమున సర్కారు జిల్లాలతో చేరుటకు ఇచ్చటి పెద్దలు వెనుకాడిరి. వారికి ఐక్యత గిట్టక కాదు. చేరిన పిమ్మట తమ కఱవు, తమ నీటి కొఱత, తమ చదువు లోపము మఱుగుపడునేమోయని వారి భయము. అందువలననే 1937 నవంబరు 16వ తేదీని, మదరాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున ఉభయ ప్రాంతముల నాయకులు ఒక ఒడంబడిక చేసికొనిరి. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీటిలో రాయలసీమ అవసరములకు మొదటి స్థానము, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము, రాజధాని గాని ఉన్నతన్యాయస్థానము గాని కోరుకొను అవకాశము - ఇవి అందలి ముఖ్యాంశములు. 1953 అక్టోబరు 1వ తేదీని కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యయ్యెను. 1956 నవంబరు 1న తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశము ఏర్పడగా రాజధాని హైదరాబాదునకు తరలెను. 2014 జూన్ 2న ఆ రాష్ట్రము మరల రెండయ్యెను. ఈ చరిత్రనుండి నేర్వదగిన పాఠము ఒకటి కలదు. చేరుటకు ముందు 'నీకేమి కావలెను?' అని అడిగి చెప్పించుకొనునది యూనియన్. 'అందరును ఒకటే, నీకు వేరుగ అడుగనేల?' అనునది యూనిఫారమ్. మొదటిది సజీవముగ నుండుటకు ఇచ్చిన మాటను నిలుపుకొనుట యవసరము.

కలిసి పనిచేయుటవలన కలుగు ఐక్యమునకు ఈ సీమలోనే పెద్ద సాక్ష్యము కలదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువును గూర్చిన 1369 నాటి శాసనము ఒకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. ప్రతిదినము వేయిమంది కూలివారు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. మన్ను త్రవ్వువాడు వేరు, రాయి మలచువాడు వేరు, బండి తోలువాడు వేరు. వారందరును ఒక రూపము వారు కారు. కట్ట మాత్రము ఒకటే. చెఱువు నిండిన పిమ్మట నీరుగంటి వంతుప్రకారము నీరు వదలునపుడును ఇదియే ధర్మము. నీరు ఒకటి, వంతులు అనేకములు. వంతు తప్పిననాడు కట్ట నిలిచియున్నను ఊరు తెగిపోవును.

ఇక అన్నిటికంటె జాగ్రత్తతో చూడవలసిన మాట 'యునానిమస్'. ఊనుస్ అనగా ఒకటి. 'అనిముస్' అనగా మనస్సు. అందరి మనస్సును ఒకటియైనపుడు ఆ తీర్మానమును ఇంగ్లీషువారు యునానిమస్ అందురు. తెలుగున దీనికి వాడుకలోనున్న మాట 'ఏకగ్రీవము'. గ్రీవము అనగా మెడ, గొంతుక. ఇంగ్లీషు మాట మనస్సును చూచినది. మన మాట గొంతుకను చూచినది. ఈ తేడా చిన్నది కాదు. గొంతుకలు ఒకటగుటకు మనస్సులు ఒకటగుట ఒక కారణము; భయము ఇంకొక కారణము. పంచాయతీ ఎన్నికలలో ఏకగ్రీవమైన గ్రామములకు ప్రభుత్వము ప్రోత్సాహక ధనమును ప్రకటించిన సందర్భములు కలవు. నలుగురును కూర్చుండి, మంచిచెడ్డలు మాటాడుకొని, ఒకనిని ఎన్నుకొన్నచో ఆ ధనము గ్రామమునకు శోభ. రెండవవాడు నామినేషను వేయుటకు జంకి ఇల్లు కదలనిచో, అచ్చట ఒక గొంతుక వినబడినది గాని ఒక మనస్సు లేదు. ఎదురు చెప్పగలవాడు ఉండియు, ఆలోచించి సమ్మతించినపుడే ఏకగ్రీవము యునానిమస్ అగును.

ఈ సందర్భమున 'పార్టీ' యను మాటయు స్మరింపదగినది. మన పల్లెలలో కక్షలు కట్టినవారిని 'ఆ పార్టీవారు, ఈ పార్టీవారు' అందురు. ఇంగ్లీషున 'పార్ట్' అనగా భాగము. పార్టీ దానినుండి వచ్చినది. అనగా ఒక ముక్క. చిత్రమేమనగా, ముక్కలోపల గొప్ప ఐక్యము కనబడును. ఒక పార్టీవారు కష్టమునకు అందరును ఒక్కుమ్మడిగ లేతురు, ఒకరికొఱకు ఒకరు ప్రాణములిత్తురు. ఆ కట్టుబాటును చూచి ముచ్చటపడువారును కలరు. అయినను ఆ ఒకటి ఇంకొక ఒకటిని పడగొట్టుటకు ఏర్పడినది. రెండు ఒకట్లు ఎదురెదురుగ నిలిచిన ఊరిలో మొదట పాడగునది వీథి, తరువాత చెఱువు, ఆ తరువాత బడి. కావున ఐక్యమును పొగడుటకు ముందు, ఎవరితో ఐక్యము, దేనికొఱకు ఐక్యము అని అడుగుట వివేకము.

'యూనివర్స్', 'యూనివర్సిటీ' అను మాటలు మిగిలినవి. 'ఊనివెర్సుస్' అనగా ఒక్కటిగ మరలినది, అంతయు కలిసినది. సూర్యచంద్ర నక్షత్రములతో కూడిన విశ్వమునకు ఆ పేరు వచ్చినది. దానినిబట్టి యూనివర్సిటీని 'విశ్వవిద్యాలయము' అని తెలిగించుకొంటిమి. కాని మధ్యయుగమున ఐరోపాలో 'ఊనివెర్సితాస్' అనగా విశ్వమునకు సంబంధించినది కాదు. ఒక కట్టుగ ఏర్పడిన సంఘము. బొలోన్యాలో విద్యార్థులు సంఘముగ చేరిరి. పారిస్‌లో గురువులు చేరిరి. వారికి మొదట సొంత భవనములు లేవు. చదువుకొఱకు ఒకటియైన మనుష్యులే యూనివర్సిటీ. 1926లో స్థాపితమైన ఆంధ్ర యూనివర్సిటీకి 'విశ్వకళాపరిషత్తు' అని పేరుంచినవారు 'పరిషత్తు' అను మాటచే ఆ పాత యర్థమునకు చేరువగ వచ్చిరి. ఈ సీమలో 2006లో కడపయందు యోగివేమన పేరిటను, 2008లో కర్నూలునందు రాయలసీమ పేరిటను విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. ఆ పాత యర్థమున చూచినచో, చదువుకొఱకు పదిమంది కట్టుగ చేరిన ఈ గ్రంథాలయము కూడ తన కొలదికి ఒక ఊనివెర్సితాసే.

చివరగ ఇంగ్లీషువారి సొంత 'వన్' కడుపున పుట్టిన రెండు మాటలు. 'అలోన్' అనగా ఒంటరి. 'ఆల్', 'వన్' అను రెండు మాటలు కలిసి అది యైనది. పూర్తిగ ఒక్కడే అని భావము. ఆ మాట తల తెగి 'లోన్' అయినది. బ్యాంకువారిచ్చు లోను వేరు మాట. కాని ఎండిన పొలముపై దానిని ఒంటరిగ తీర్చువానికి ఈ రెండు మాటలకును భేదము తెలియదు! తెలుగున 'ఒంటికాయ శొంఠికొమ్ము' అని జాలిపడుదురు. ఒకటి అను మాటలో బలమే కాదు, దైన్యమును కలదు. ధర పడిపోయిన యేట గడ్డలను మార్కెట్‌లో కుప్పపోసి కూర్చున్న రైతు ఇట్టి ఒకటి. అతడు నలుగురితో చేరిననాడు ఆ ఒకటియే వేరు అర్థమునకు మారును.

రెండవది 'అటోన్'. 'అట్', 'వన్' అను రెండు చిన్న మాటల కూడిక. ఒకటియై యుండుట అని దాని మూలార్థము. విడిపోయినవారు మరల ఒకటగుట, సమాధానపడుట అని మొదట వాడిరి. క్రమముగ, చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తము చేసికొనుట యను అర్థము స్థిరపడినది. ఎంత లోతైన ప్రయాణము! తప్పు ఒప్పుకొనక ఒకటగుట కుదరదని ఆ మాట తన చరిత్రచేతనే చెప్పుచున్నది. మన పల్లెలలో పెద్దమనుష్యులు రాజీ చేసి, ఉభయులను ఒక పంక్తిని కూర్చుండబెట్టి అన్నము పెట్టింతురు. ఆ పంక్తికి ఇంతకంటె సరియైన ఇంగ్లీషు మాట లేదు.

సభ్యులారా, లెక్కకు ఒకటి యూనిట్, సాటిలేనిది యూనిక్, రూపము ఒకటైనది యూనిఫారమ్, చేరిక ఒకటైనది యూనియన్, మనస్సు ఒకటైనది యునానిమస్, విడిపోయినవారు తప్పు దిద్దుకొని చేరునది అటోన్. ఒకటి అను మాట విన్నప్పుడెల్ల, 'ఇందులో ఇది ఏ ఒకటి?' అని అడుగుట అలవాటైనచో, ఆ మాటతో మనలను మోసగింపగలవారు తగ్గుదురు.

ఈ గ్రంథాలయమున ఒక ప్రతిని ఏబదిమంది చదివియుందురు. ఆ ఏబదిమందికిని ఆ పుస్తకము ఒకే తీరుగ అర్థమై యుండదు. అర్థమై యుండవలసిన పనియు లేదు. నేడు ఒకరు తీసికొనిపోయిన పుస్తకమును రేపు ఎదుటి పార్టీవారి పిల్లవాడు అదే అట్టతో, అదే మడతతో తీసికొనిపోవును. మాటలు లేని రెండు ఇండ్లమధ్య పుస్తకము మాత్రము రాకపోకలు మానలేదు. ఇరువదియైదేండ్లుగ ఈ బల్లముందు అందరును కూర్చుండి చదువుకొనిరి. రానున్న ఇరువదియైదేండ్లును ఈ బల్ల ఇట్లే అందరికిని ఒకటిగ నుండుగాక!